పాత పిడి ఉన్న కవరు

"పాత పిడి ఉందా?" అన్నాడు ఏజెంట్ ఆరిన్ టీగ్, గొంతు బాగా తగ్గించి. అది కోడ్ వర్డ్.

"పాత పీడా? ఇంట్లో ఉంది. మా బావమరిది," అన్నాడు డెల్బర్ట్ హాస్క్. "పదకొండేళ్లుగా పోవడంలేదు. అయినా కొత్తగా దిగబడేవాళ్లకంటే పాతదే మేలు."

"పాతదే మేలు" అన్నది సరిగ్గా జవాబుగా రావలసిన కోడ్ వర్డే. టీగ్ మారుమాట లేకుండా లోపలికి వచ్చి, దొంగ మీసం సర్దుకుని, పనివాడి ఏప్రన్ తగిలించుకున్నాడు. కాస్పర్ ఊళ్లో హాస్క్ తుపాకులు బాగుచేయబట్టి నలభై ఏళ్లయింది. బాగుచేసిన ప్రతిదాన్నీ చెవులకేమీ అడ్డం పెట్టుకోకుండా కాల్చి చూడడంవల్ల, ఆ చెవులు ఇప్పుడు కళ్లజోడు ఆనడానికి తప్ప దేనికీ పనికిరావు.

బ్రీఫింగ్ ఆ పొద్దున రెండే నిమిషాలు సాగింది.

"ఆంటోన్ రెజెక్. శత్రువుల సంకేతాలన్నీ తలలో పెట్టుకుని మనవైపు వచ్చేశాడు," అన్నాడు కల్నల్ స్లేడ్. "సాయంత్రం నాలుగింటికి పశువుల సంతలో మనకు అప్పజెబుతారు. అతన్ని చంపడానికి మనిషి వచ్చాడు. ఎవడో లెనోరా చెబుతుంది."

లెనోరా వైజీ డబుల్ ఏజెంట్. రెండు దేశాలూ ఆమెను తమ మనిషే అనుకునేవి. ఎర్ర చేతితొడుగులు మెల్లగా తీస్తూ చెప్పింది. "బాయిడ్ కారత్. పశువులు పెంచేవాడి వేషం. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. పాత రివాల్వర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఇవాళ హాస్క్ షాపులో తనకు అనువుగా మార్పించుకుంటాడు."

"నిన్ను నమ్మొచ్చా?"

"నమ్మకు ఆరిన్. వాడిచేతే చెప్పించు."

బాయిడ్ రెండింటికి వచ్చాడు. టోపీ తీసి రివాల్వర్ బల్ల మీద పెట్టాడు. "మా అన్నది. ఆయన పోయాక వదిన దగ్గర కొన్నాను. దూడల దగ్గర నక్కలు తిరుగుతున్నాయి. మార్పించాలని ఉంది."

హాస్క్‌కి పెదవులు చదవడం అలవాటు. గుళ్లు పెట్టే సిలిండర్ తెరిచి, గొట్టంలోకి లైటు వేసి చూశాడు. "మార్చాలా వద్దా, అది ముందు తేల్చుకో. ఎలా అన్నది తర్వాత. గొట్టం శుభ్రంగా ఉంది. సిలిండర్ ఊగడంలేదు. నీలి పూత పోయింది, పోనీ. కొత్త పూత వేస్తే అందం పెరిగి విలువ తరుగుతుంది."

"అందం నాకెందుకు పెద్దాయనా? చెయ్యి చూశావుగా, పిడి జారిపోతోంది. సన్నది పెట్టు. ట్రిగ్గర్ కాస్త తేలిక చెయ్యి. వెనక ఈ హ్యామర్ కొమ్ము చొక్కాకి తట్టుకుంటోంది, కోసేద్దామా?"

"కోస్తే బొటనవేలితో ముందే లాగిపెట్టుకోలేవు. ప్రతిసారీ ట్రిగ్గరే సిలిండర్‌ని తిప్పాలి. అప్పుడెవడైనా సిలిండర్‌ని గట్టిగా పట్టుకున్నాడనుకో, నీ చేతిలో ఉన్నది ఇనుప ముద్ద."

"అయితే వద్దు. లేదా... కోసెయ్యి. వద్దులే." బాయిడ్ టోపీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "ఏం మార్చినా పాతవి కవరులో పెట్టివ్వు. నా తర్వాత మా అమ్మాయి వెనక్కి పెట్టించుకుంటుంది."

"కవరు లేకుండా ఎవరికైనా ఇచ్చానా?" అంటూ హాస్క్ రివాల్వర్ తీసుకుని వెనకగదిలోకి వెళ్లాడు. ఇనుము కోసే లేత్ మిషన్ రొద మొదలైంది.

టీగ్ వీధి తలుపు గడియపెట్టాడు. పిస్తోలు బాయిడ్ మెడకు ఆనించి, అతని కుడిచెయ్యి బెంచి మీది వైస్‌లో, రెండు ఇనుప దవడల మధ్య పెట్టి బిగించాడు.

"నిన్ను పంపిందెవరు?"

"ఎవరూ పంపలేదు బాబూ. నేనే వచ్చాను."

"ఎవరి పనిలో వేలు పెడుతున్నావో తెలుసా?"

"పెట్టడానికి వేళ్లేవి? గడ్డి మిషన్ తినగా మిగిలినవి మూడు."

"రెండు," అన్నాడు టీగ్, వైస్ పిడి తిప్పి. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. బాయిడ్ అరుపు లేత్ రొదలో కలిసిపోయింది. టీగ్ అదే ప్రశ్న అదే గొంతుతో మళ్లీ అడిగాడు. మూడున్నరకల్లా లెక్క సున్నాకి వచ్చింది. జవాబు మాత్రం రాలేదు.

అప్పుడు లేత్ ఆగింది. హాస్క్ ఒకచేతిలో రివాల్వర్, ఒకచేతిలో కవరు పట్టుకుని వచ్చి నిలబడిపోయాడు. "నా వైస్‌లో మనిషి చెయ్యేంట్రా?"

"వీడు హంతకుడు," అని టీగ్ హాస్క్ చెవిలో అరిచాడు.

"వీడా? తన తర్వాత తుపాకీ ఎవరికి చేరాలా అని దిగులుపడేవాడు హంతకుడా? చంపేవాడికి పాతపిడితో ఏం పని? పనవగానే మొత్తం ఏట్లో పారేస్తాడు." హాస్క్ సొరుగులోంచి ఇంకో కవరు తీశాడు. "నలభై ఏళ్లలో ఇది వద్దన్నది ఒక్కతే. పోయిన వారం. ఇలాంటిదే పాత రివాల్వర్. హ్యాండ్‌బ్యాగులో పట్టాలంది. గొట్టం కోయించింది, కొమ్ము కోయించింది. కవరు చెత్తబుట్టలో పడేసిపోయింది. అప్పుడు వీడు ధర కనుక్కుని, ఇవాళ తుపాకీ తెస్తానని చెబుతూ పక్కనే ఉన్నాడు. వీడి చేతివంకే చూసింది."

"ఎలా ఉంటుంది?"

"ఎర్ర చేతితొడుగులు."

టీగ్ పరుగెత్తాడు. వైస్ వదులు చేయడం అతనికి గుర్తురాలేదు.

సంతలో ఎద్దుల కొట్టం ముందు రెజెక్ మొక్కజొన్న కండె కొరుకుతూ నిలబడ్డాడు. కాపలావాళ్లు లెనోరాకి దారిచ్చారు, ఆమె మన మనిషే కదా. నాలుగవడానికి నిమిషం ఉంది. ఎర్ర తొడుగు బ్యాగులోంచి రివాల్వర్‌తో పైకి లేచింది. బొటనవేలు అలవాటుగా హ్యామర్ మీదికి పోయి జారింది. కొమ్ము కవరులో ఉంది. అలవాటు మాత్రం వేలిలోనే మిగిలిపోయింది.

ఆ జారినంతసేపట్లో టీగ్ పిడికిలి సిలిండర్ మీద బిగిసింది. ఆమె ట్రిగ్గర్ నొక్కింది. మళ్లీ నొక్కింది. ఇనుప ముద్ద.

"నన్ను నమ్మావు కదూ, ఆరిన్," అంది నవ్వుతూ.

"నమ్మాను. మూడు వేళ్లు పోయాయి. నావి కావు." అతను రివాల్వర్‌ని పక్కకి మెలితిప్పాడు. ట్రిగ్గర్ మీద ఇరుక్కున్న ఆమె వేలు నాలుగోది.

అయిదింటికి కల్నల్, షెరీఫ్, డాక్టరు అందరూ హాస్క్ షాపులోనే ఉన్నారు. బాయిడ్ చేతికి ముంజేతిదాకా కట్టు. ఆమె బాయిడ్‌ని ఎందుకు ఎరగా వేసిందో, కవరు ఎలా పట్టిచ్చిందో కల్నల్ వివరించాడు.

"మరి ఈ ఎర్రతొడుగుల సంగతి పొద్దున్నే మా ఏజెంట్‌కి చెబితే పోయేదిగా?" అన్నాడు హాస్క్‌తో.

"ఏజెంటా? మా పీడ గురించి అడిగితే, వాడు పంపిన పనివాడనుకున్నాను."

"పీడ కాదు, పిడి," అని కల్నల్ అరిచాడు. "పొద్దున ఫోన్‌లో చెప్పానుగా."

"ఓ, ఆ ఫోనా? మా బావమరిది తీశాడు."

ఎవరూ నవ్వలేదు. టీగ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. దొంగ మీసం ఒకవైపు ఊడి వేలాడుతోంది.

"ప్రభుత్వం తరఫున క్షమించమంటున్నాను, మిస్టర్ కారత్," అన్నాడు కల్నల్. "మీ రివాల్వర్‌కి ఏ మార్పు కావాలన్నా మేం చేయిస్తాం. పిడి, ట్రిగ్గర్, ఏదైనా."

బాయిడ్ తన కట్టువంక చూసుకున్నాడు. బల్ల మీద సన్నటి కొత్తపిడితో రివాల్వర్, దాని పక్కన కవరు.

"పాత పిడే బిగించు పెద్దాయనా," అన్నాడు మెల్లగా. "మా అమ్మాయి చెయ్యి బాగానే ఉంది."

ఆ మాట హాస్క్ వైపు తిరిగి అనలేదు, గట్టిగానూ అనలేదు. ఆ రోజుకి హాస్క్‌కి సరిగ్గా వినబడింది అదొక్కటే.