కోస్టారికాలో తొమ్మిదీ నలభై

"పర్మిషన్ పోయింది సార్."

స్రవంతి తల వంచుకుని ఆ మాట అన్నాక ఆఫీసులో ఒక్కరూ తుమ్మలేదు. అది మామూలు సంగతి కాదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఆ బిల్డింగ్ కింద రాజేశ్వర్ రావు మిర్చి గోదాము, పైన ఆయన సినిమా ఆఫీసు. ముంబై నుంచి వచ్చిన కెమెరామన్ అయినా, హైదరాబాద్ నుంచి వచ్చిన హీరో అయినా మెట్లెక్కుతూ నాలుగు తుమ్ములు తుమ్మాల్సిందే. ఆ పొద్దున మాత్రం తుమ్ము కూడా గొంతులోనే ఆగిపోయింది.

"ఏ పర్మిషన్ బిడ్డా?" అన్నాడు రాజేశ్వర్ రావు.

"కోస్టారికా బీచ్‌ది. ఆ పార్కు ఆఫీసర్ క్యాన్సిల్ చేసిండు. మనం రాత్రి పది దాటినంక అక్కడ లైట్లు పెట్టి షూటింగ్ చేస్తమని రాసినమంట. అది తాబేళ్లు గుడ్లు పెట్టే టైమంట. ఇసుకల టార్చ్‌లైట్ కూడ ఎయ్యనియ్యరంట."

"రాత్రి పదేంది? మన ఫస్ట్ షాట్ శుక్రవారం పొద్దుగాల తొమ్మిదీ నలభైకి గద. పంతులు ముహూర్తం పెట్టి చీటీ గూడ రాసిచ్చె."

"వాళ్లకు పోయిన మెయిల్‌ల గురువారం రాత్రి పదీ పది అని ఉన్నది సార్."

రాజేశ్వర్ రావు కుర్చీలోంచి లేచాడు. గోడ మీద రెండు ఉన్నాయి. ఒకటి మిర్చి ధరల బోర్డు. రెండోది కోస్టారికా మ్యాపు. ఆయన మ్యాపు ముందు నిలబడ్డాడు.

మూడు నెలల కిందట ఆయన ఈ సినిమాకు పాటలూ, క్లైమాక్సూ కోస్టారికాలో తీస్తానన్నప్పుడు హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీ వాళ్లు నవ్వారు. వరంగల్‌లో కూర్చుని ఆ దేశంలో షూటింగ్ ఎలా పెడతారు, మాకివ్వండి, మేం చూసుకుంటామన్నారు. ఆయన ఇవ్వలేదు. హసన్‌పర్తి రైతు గట్టయ్య కూతురు స్రవంతిని పిలిచి, ప్లానింగ్ మొత్తం ఆమె చేతిలో పెట్టాడు. ఇరవై ఆరేళ్ల ఆ అమ్మాయికి ఇదే మొదటి సినిమా. వీసాలు, హోటళ్లు, పడవలు, కొబ్బరితోట, అగ్నిపర్వతం ముందు పాట, ముప్పై ఒక్కమంది భోజనం, అన్నీ ఆమే చూసింది. పన్నెండు రోజుల్లో విమానం ఎక్కాలి.

"ఇయ్యాల రాత్రి ఎనిమిదిన్నర వరకు చూస్త," అన్నాడాయన. "పర్మిషన్ తిరిగి రాలేదా, గా హైదరాబాదోళ్లకు నేనే ఫోన్ చేస్త. నవ్వనియ్యి. ఇగ రెండోది. ఈ పని ఎవలది?"

గోదాములో పనిచేసే కట్టయ్య నుంచి పైన డైరెక్టర్ దాకా ఆయన పద్ధతి అందరికీ తెలుసు. ఇరవై ఏళ్లుగా మారని పద్ధతి. తప్పు చేసినవాడు తన నోటితో తన పేరు చెప్పుకుంటే పనిలో ఉంటాడు. ఆ పేరు ఇంకొకరి నోట్లోంచి వస్తే సాయంత్రానికి పోతాడు. ఆయన ఎవరి మీదా అరవడు. అడిగి ఊరుకుంటాడు.



స్రవంతి కంప్యూటర్‌లో షెడ్యూల్ షీట్ తెరిచింది. అది ఆమె సొంతంగా తయారుచేసిన షీట్. ఎర్ర వరుసలో మన టైం కొడితే, పక్కన నీలం వరుసలో కోస్టారికా టైం దానంతటదే వస్తుంది. కోస్టారికా పదకొండున్నర గంటలు వెనక; నీలంలో కొడితే ఎర్రలో మన టైం వస్తుంది. ఏది మార్చినా అక్కడ షూటింగ్ ఏర్పాట్లు చూసే కంపెనీకి అదే మెయిల్ పంపేస్తుంది. అట్టడుగున, చివర ముట్టుకున్నవాళ్ల పేరు చూపిస్తుంది. దీన్ని చూసి కెమెరామన్ "ముంబైలో కూడా ఇట్లాంటిది లేదు" అన్నప్పుడు ఆమె ఆ వారమంతా తల కొంచెం పైకెత్తుకునే తిరిగింది.

అట్టడుగున ఉన్న పేరు చూసి ఆమె చేయి ఆగిపోయింది. ఫస్ట్ షాట్ టైం. ఇవాళ పొద్దున తొమ్మిదింబావుకు మార్చారు. ఆమె ఆఫీసుకు రాకముందే.

"హరికృష్ణ," అంది పైకి.

కిటికీ దగ్గర లెన్సు తుడుస్తున్న కో-డైరెక్టర్ తలెత్తాడు.

"తప్పు టైం కొట్టి, క్యాన్సిల్ మెయిల్ చూసి, పొద్దుగాల్నే వచ్చి దిద్దుకున్నవా? ఎవలు చూడరనుకున్నవా?"

హరికృష్ణ ఆమెను చూశాడు. తర్వాత రాజేశ్వర్ రావును చూశాడు. నోరు తెరిచి, మూసుకున్నాడు.

"చెప్పు హరీ," అన్నాడు రాజేశ్వర్ రావు.

"ఏం చెప్పాలె సార్. షీట్ల నా పేరే ఉన్నది గద."

రాజేశ్వర్ రావు డ్రాయర్ తీసి, ముప్పై ఒక్క పాస్‌పోర్టుల కట్టలోంచి ఒకటి లాగి టేబుల్ మీద పెట్టాడు. "సాయంత్రం వరకు ఫుటేజ్ అంత అప్పజెప్పి పో."

*

హరికృష్ణది రఘునాథపల్లి. అతనికీ స్రవంతికీ మొదటి పరిచయమే కొట్లాట. పాటలో వర్షం కావాలన్నాడతను. ఫిబ్రవరిలో ఆ తీరాన చుక్క పడదు, అందుకే ఫిబ్రవరి పెట్టానని ఆమె అంది.

"హీరో హీరోయిన్ తడవకుంట ప్రేమ ఎట్ల పుడ్తది మేడమ్?"

"ఎండల పుట్టదా? మా హసన్‌పర్తిల మే నెలల ఎన్ని పెండ్లిళ్లయితయో తెల్సా?"

"పెండ్లి వేరు మేడమ్. ప్రేమ వేరు."

"నీకు రెండూ తెల్వయి గని, ముందు లొకేషన్ లిస్ట్ ఇయ్యి."

ఆ రోజు నుంచి అతను ఆమెను మేడమ్ అనడం మానలేదు. ఆమె అతని సమోసాలో సగం తినడం మానలేదు. కోపం వస్తే మాత్రం ఆమె 'హరికృష్ణ గారు' అంటుంది. ఆ 'గారు' వినపడిందంటే ఆఫీసులో అందరూ పక్కకు జరుగుతారు.

మధ్యాహ్నం అతను హార్డ్‌డిస్కుల పెట్టె తెచ్చి ఆమె టేబుల్ మీద పెట్టాడు.

"ధర్మసాగర్ టెస్ట్ షాట్లన్ని ఇండ్ల ఉన్నయి. నీళ్ల మీద డ్రోన్ ఎంత ఎత్తుకు పోవాల్నో రాసి పెట్టిన."

"థాంక్స్ హరికృష్ణ గారు."

"జర ఒక్క మాట."

"నేను వినను."

"వినకు. షీట్ మాత్రం ఇంకొక్కపారి సక్కగ చూడు."

"నా షీట్ల తప్పు లేదు. మనుషులల్లనే ఉన్నది."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. "నీ షీట్ బంగారం మేడమ్. నేనెప్పుడన్న కాదన్ననా?"

అతను వెళ్లిపోయాక ఆమెకు కళ్లు మండాయి. కింద మిర్చి బస్తాలు దింపుతున్నారు. ఆ మంటను మిర్చి మీదికి నెట్టేసి కళ్లు తుడుచుకుంది.

*

కోస్టారికాలో ఆఫీసులు పొద్దున ఎనిమిదికి తెరుస్తారు. అంటే వరంగల్‌లో సాయంత్రం ఏడున్నర. ఏడూ ముప్పై ఒకటికి అక్కడి కంపెనీ మేనేజర్ మరిసోల్ వీడియోలోకి వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. తల తడిగా ఉంది. చేతిలో కాఫీ. ఇంగ్లీషులో గబగబా మాట్లాడుతుంది.

"స్రవంతీ, రాత్రిపూట తాబేళ్ల మధ్య మీకేం పని? ఆ ఆఫీసర్ నా మీద మండిపడుతున్నాడు."

"రాత్రి కాదు మరిసోల్. పొద్దున తొమ్మిదీ నలభైకే. మీ తొమ్మిదీ నలభై. ఆ నిమిషానికి మొదటి షాట్ తియ్యాలని మా పంతులు లెక్కగట్టాడు."

"మీ ఊరి పంతులు మా ఊరి టైం లెక్కగట్టాడా?"

"మీ దగ్గర సూర్యుడు ఎప్పుడు పొడుస్తాడో నన్నడిగి మరీ రాసిచ్చాడు."

"ఆ నిమిషం దాటితే సినిమా ఆడదా?"

"ఆడుతుందో లేదో నాకు తెలీదు. మా సారుకు మాత్రం నిద్ర పట్టదు."

మరిసోల్ కాఫీ ఒలికేలా నవ్వింది. "ఇది ఆఫీసర్‌కు చెప్పదగ్గ మాటే. కానీ మీ నుంచి వచ్చిన మెయిల్‌లో రాత్రి పదీ పది అని ఎందుకుంది? ఇదిగో, బుధవారం మాకు రాత్రి ఒకటిన్నరకు వచ్చింది. మీకు మధ్యాహ్నం ఒంటిగంట. ఈరోజు దిద్దిన మెయిల్ ఇంకొకటి వచ్చింది, అది సరిగానే ఉంది. ఉండు, నేను ఆయనకు ఫోన్ చేస్తాను."

తెర మీద మరిసోల్ కుర్చీ ఖాళీ అయింది. స్రవంతి ఆ ఖాళీ కుర్చీనే చూస్తూ కూర్చుంది.

బుధవారం. మధ్యాహ్నం ఒంటిగంట.

బుధవారం హరికృష్ణ ఆఫీసులో లేడు. తెల్లవారుజామునే డ్రోన్ తీసుకుని ధర్మసాగర్ చెరువు మీదికి వెళ్లాడు. కంప్యూటర్ దగ్గర లేడని ఎలా చెప్పగలదంటే, ఆ రోజు గోదాము కట్టయ్య చేతికి సర్వపిండి రొట్టెల డబ్బా ఇచ్చి అక్కడికి పంపింది ఆమే. సరిగ్గా ఒంటిగంటకు అతను ఫోన్ చేశాడు.

"మేడమ్, సర్వపిండి సల్లారింది."

"సల్లారితే తినకు."

"తిన్న. డబ్బా గూడ కడిగిన. కోస్టారికాల ఇది దొరకదు గద?"

"దొరకదు."

"మరి నేను గాడ ఎట్ల బతకాలె? నువ్వు నా పక్కసీట్ల కూసోని, ఒళ్లె డబ్బా పెట్టుకొని రావాలె."

ఆమె నవ్వింది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని నవ్వింది. అప్పుడు ఆమె ఎడమ చేతిలో పంతులు చీటీ ఉంది. కుడి చేయి షీట్ మీద ఉంది. ముహూర్తం, తొమ్మిదీ నలభై. పుట్టినప్పటి నుంచి ఆమె విన్న ముహూర్తాలన్నీ మన గడియారానివే. నీలం వరుసలో కొట్టాల్సింది, చెయ్యి దానంతటదే ఎర్ర వరుసలోకి పోయింది. మన టైం. షీట్ తన పని తాను తప్పు లేకుండా చేసింది. పదకొండున్నర గంటలు వెనక్కి జరిపి, గురువారం రాత్రి పదీ పది అని కోస్టారికాకు పంపేసింది.

పొద్దున క్యాన్సిల్ మెయిల్ చూసిన హరికృష్ణ పరుగెత్తుకొచ్చి దాన్ని దిద్దాడు. అందుకే అట్టడుగున ఆమె పేరు పోయి అతని పేరు వచ్చింది. ఆమె అరిచినప్పుడు అతను ఒక్క మాట అంటే బయటపడేవాడు. ఆ ఒక్క మాట ఆమె పేరు. అది అతని నోట్లోంచి వస్తే ఆమె సాయంత్రానికి పోయేది.

నోరు తెరిచి మూసుకున్నది అందుకు.

"స్రవంతీ." మరిసోల్ తిరిగొచ్చింది. "అయిపోయింది. పొద్దున ఏడు నుంచి నాలుగు దాకా, లైట్లు లేకుండా. కాయితం ఇప్పుడే వస్తోంది. ఇంకో మాట. నేను ఎనిమిది దేశాల యూనిట్లను చూశాను. ముప్పై ఒక్కమందికి ఏ పూట ఏ ఊళ్లో అన్నం దొరుకుతుందో కూడా రాసి పంపింది నువ్వొక్కదానివే. మీ ఊరి పేరు ఏమన్నావు?"

"వరంగల్," అంది స్రవంతి.

*

కాయితం ప్రింటు తీసి ఆమె లోపలికి వెళ్లేసరికి ఎనిమిదీ పది. రాజేశ్వర్ రావు కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. ఇంగ్లీషు రాకపోయినా ముద్ర మీద వేలు పెట్టి చూశాడు.

"ఎవలం అనుకున్నరు మనలను," అన్నాడు మెల్లగా, హైదరాబాద్ వైపు గోడను చూస్తూ.

తలుపు దగ్గర హరికృష్ణ బ్యాగుతో నిలబడి ఉన్నాడు. "నేను పోతాన సార్."

"ఆగు," అంది స్రవంతి. "సార్, ఇతను కాదు."

"పొద్దుగాల నువ్వే చెప్తివి గద బిడ్డా."

"తప్పు చెప్పిన. మెయిల్ పోయింది బుధవారం ఒంటిగంటకు. గప్పుడు ఇతను ధర్మసాగర్ కట్ట మీద సర్వపిండి తింటాండు. డబ్బా తీస్కపోయిన మన గోదాము కట్టయ్య కింద్నే ఉన్నడు, అడుగుండ్రి. ఇయ్యాల పొద్దుగాల షీట్ దిద్దింది మాత్రం ఇతనే. దిద్దవట్టే మన పర్మిషన్ మల్ల వచ్చింది."

రాజేశ్వర్ రావు హరికృష్ణ వైపు తిరిగాడు. "నిజమేనా?"

"సార్, ఆ ముచ్చట పొద్దుగాల్నే ఒడిసింది. ఇడిసిపెట్టుండ్రి."

"చేసినోళ్లు ఎవలో నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"మరి నా ముంగట ఎందుకు చెప్పవైతివి?"

హరికృష్ణ బ్యాగు కింద పెట్టాడు. "చెప్తే ఆమె పోతది సార్."

"పోతే నీకేంది? నీ పాట నువ్వు తీసుకోవచ్చు గద. కోస్టారికా ఏడికి పోతది?"

"ఏడికి పోదు సార్. సముద్రం గాడ్నే ఉంటది, తాబేళ్లుంటయి. పక్కసీటు ఖాళీగ ఉంటది. గా ఖాళీ సీటు చూసుకుంట నేను అంత దూరం పోలేను."

స్రవంతి ముఖం చెవుల దాకా వేడెక్కింది. రాజేశ్వర్ రావు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెద్దగా తుమ్మాడు. సొంత మిర్చికి ఆయన తుమ్మడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. తుమ్మి, ముక్కు తుడుచుకుని, హరికృష్ణ పాస్‌పోర్టు తీసి మళ్లీ కట్టలో పెట్టాడు. దాని పక్కన ఎవరి పాస్‌పోర్టు ఉందో చూసి, కొంచెం సర్దాడు.

"నాకు ఇంక ఎవ్వలు ఏ పేరు చెప్పలే," అన్నాడు. "నేను ఏం వినలే. పొద్దుగాల అడిగిన మాటే మల్లొక్కపారి అడుగుతాన. ఈ పని ఎవలది?"

హరికృష్ణ కదలబోయాడు. స్రవంతి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. పర్మిషన్ పోయిందని చెప్పినప్పుడు వంగిన తల ఇప్పుడు వంగలేదు.

"స్రవంతిది సార్," అంది. "హసన్‌పర్తి గట్టయ్య బిడ్డ స్రవంతిది."