శనివారం ఉప్మా

ఇందుకూరుపేటలో బస్సు దిగుతుండగానే వెంకటశేషమ్మ చెప్పు తెగింది. ఇంకేముంది, ఈ సంబంధం కుదరదని ఆమె అక్కడే తేల్చేసుకుంది.

"చెప్పు తెగితే కుట్టించుకుంటారే, సంబంధం మానుకుంటారా?" అన్నాడు భర్త కామాక్షయ్య.

ఆయనకేం, ఎన్నయినా అంటాడు. ఆమె భయమంతా పక్కన ఇస్త్రీ చొక్కాలో నడుస్తున్న కొడుకు గురించి.

గంగాధరం నాగపూరులో రైల్వే ఉద్యోగం చేసిన రెండేళ్లలో, అక్కడి మెస్సులో పూటపూటా చపాతీలు తిని పుల్లలా చిక్కిపోయి వచ్చాడు. కడుపు నిలవదు, ఒంట్లో నెత్తురు లేదు. సొంతూరు చిల్లకూరులో నలుగురూ క్షయ అని గుసగుసలు పోయారు. ఆ గుసగుసలకే రెండు సంబంధాలు వెనక్కిపోయాయి. చివరికి మద్రాసు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు సన్నటి గొట్టం మింగించి, పేగులోంచి చిటికెడు ముక్క తీసి పరీక్ష చేసి, "క్షయ కాదు, సీలియాక్" అన్నాడు. గోధుమ ఆ పేగుకి పడదట. జన్మలో ముట్టుకోకూడదట. అన్నం తిన్నంతకాలం నిక్షేపంగా ఉంటాడట.

వరి పండే సీమలో అదేం పెద్ద కష్టమని ఆమె మొదట సంబరపడింది. తీరా చూస్తే ఎక్కడ చూసినా గోధుమే. కాఫీ హోటల్లో పూరీ, రొట్టెల అంగట్లో బన్ను, పేరంటంలో సేమ్యా పాయసం, ఎవరింటికి పోయినా బొంబాయి రవ్వ ఉప్మా! ఇడ్లీ, ఉప్పుడు పిండి, రాగి సంగటి తింటూ గంగాధరం తేరుకున్నాడు. బదిలీ మీద గూడూరుకీ వచ్చాడు. అయినా ఎందుకనో అప్పుడప్పుడూ కడుపు మళ్లీ తిరగబడేది. అలాంటప్పుడు ఆమె ఇంత ఇంగువ వేయించి మజ్జిగలో కలిపి, దగ్గర కూర్చుని తాగించేది.

"అక్కడ జబ్బు మాట ఎత్తనని ఒట్టెయ్యి," అంది వీధి మలుపు తిరగబోతూ.

"అడిగితేనో?"

"అడిగేదాకా ఎందుకు తెచ్చుకుంటావు రా?"

గంగాధరం నిట్టూర్చి తల్లి చేతిలో చెయ్యి వేశాడు.

పద్మనాభయ్యది పచారీ అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. గుమ్మంలో అడుగుపెట్టగానే ధనియాలూ మిరియాలూ కలిసిన ఘాటు. చాప మీద కూర్చున్నారో లేదో, ఆయన కూతురు పెంచలమ్మ పళ్లేలు తెచ్చింది. చామనఛాయ, పెద్ద కళ్లు, తల వంచుకోవడం ఎవరూ నేర్పించనట్టున్న నడక. గంగాధరం ఆమెనే చూస్తూ పళ్లెం అందుకున్నాడు. అందుకున్నాక కిందికి చూశాడు. నెయ్యి కారుతున్న కేసరి, పక్కన పొగలు కక్కే ఉప్మా.

తల్లీ కొడుకుల చూపులు కలిశాయి. రెండు ముద్దలు తినరా నాయనా, అన్నాయి ఆమె కళ్లు. తింటే నాలుగు రోజులు మంచం దిగడని ఆమెకి తెలుసు. అయినా అన్నాయి.

గంగాధరం పళ్లెం మెల్లగా పక్కన పెట్టాడు.

"తినండి బాబూ," అన్నాడు పద్మనాభయ్య.

"వాడికి... ఈరోజు శనివారం గదన్నా! వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు!" అనేసింది వెంకటశేషమ్మ.

లోపలికి పోబోతున్న పెంచలమ్మ ఆగి, వెనక్కి తిరిగింది.

"శనివారం ఒక్కపొద్దుకి అన్నం గదత్తా మానేది? మా నాయనా ఒక్కపొద్దే. ఆయన తినేది ఈ ఉప్మానే."

రెండో విడత కేసరి తింటున్న కామాక్షయ్యకి పొలమారింది.

ఆ తరవాత మాటలు ముందుకు సాగలేదు. పిల్ల నచ్చక వంక పెట్టారని ఆ ఇంటివాళ్లు మొహాలు ముడుచుకున్నారు. పోయి కబురు చేస్తామని వీళ్లు లేవబోయారు. సరిగ్గా అప్పుడే వాన పట్టుకుంది. కార్తీకం వాన, పైగా సముద్రం పక్క ఊరు. తాటాకుల కప్పు మీద పడుతుంటే మనిషి మాట మనిషికి వినపడలేదు.

బస్సు సంగతి కనుక్కుని వస్తానని గొడుగు వేసుకుపోయిన పద్మనాభయ్య తడిసి ముద్దై తిరిగి వచ్చాడు. "కాలవ పొంగింది బావా. రేపు పొద్దుటిదాకా బస్సు రాదు. ఈ రాత్రికి ఇక్కడే."

వద్దన్న సంబంధం వాళ్లింట్లో రాత్రి బస! వెంకటశేషమ్మకి చెప్పు గుర్తొచ్చింది.

వాన జోరు కాస్త తగ్గాక, నడవాలో కిటికీ పక్కన చేరగిలబడి ఆమె బయటికి చూసింది. వసారాలో గంగాధరం చూరునీళ్ల కింద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. పెంచలమ్మ తడుస్తున్న మిరపకాయల గోతం లోపలికి లాగడానికి వచ్చింది. అతను రెండో కొస పట్టుకున్నాడు.

"వదలండి. ఒక్కపొద్దు మనిషి, నీరసం వస్తుంది," అంది పెంచలమ్మ.

"రాదులే."

"నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు గదా. మధ్యలో స్వామిని లాగేదెందుకు?"

"నచ్చలేదని నేనన్నానా?"

"ఉప్మా అట్టే ఉండిపోయింది. అనేదేంది ఇంక? పొద్దున్నించీ పొయ్యి దగ్గరే ఉన్నా. జీడిపప్పు ఏరి ఏరి వేసినా."

"చూసినా. మీ వేలికి కాలింది గూడా చూసినా."

పెంచలమ్మ చెయ్యి చప్పున కొంగు చాటుకి పోయింది.

"మరి ఎందుకు తినలేదు?" ఈసారి గొంతులో కోపం సగమే ఉంది.

"మాటిచ్చినాను. చెప్పకూడదు. నచ్చక మాత్రం కాదు. అంతవరకు నమ్మండి."

"నమ్మేదానికి ఇదేమన్నా ఉత్తరువా?" అంటూనే పెంచలమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తింది. గోతం వసారాలోనే ఉండిపోయింది. గంగాధరం దాన్ని ఒక్కడే మోసి లోపల పెట్టాడు.

కిటికీ పక్కన వెంకటశేషమ్మ గుండె రెండు ముక్కలైంది. ఒక ముక్క పిల్లని చూసి మురిసింది. రెండో ముక్క, నిజం తెలిసిన రోజున ఈ నవ్వు ఏమైపోతుందోనని వణికింది.

దీపాలు పెట్టే వేళకి ఆమె వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద చారు మరుగుతోంది. ఒక మూల పెంచలమ్మ తల్లి మాలకొండమ్మ పెద్ద బేసిన్లో ఏదో ముద్ద పిసుకుతోంది. గది గదంతా ఇంగువ వాసన.

"ఏమనుకోవద్దు వదినా. ఇంగువ పొద్దున నానేసినా. ఇప్పుడు కలపకపోతే పాడైపోతుంది. అంగడి పని ఇట్టాగే ఉంటుంది."

వెంకటశేషమ్మ కళ్లు బేసిను పక్కన ఉన్న డబ్బా మీద పడ్డాయి. "ఆ పిండి ఏంది వదినా?"

"గోధుమపిండి. ఉత్త ఇంగువ ఘాటుకి తట్టుకోలేం గదా. ఎవురి అంగట్లో కొన్నా ముద్ద ఇంగువలో ఈ పిండి ఉండనే ఉంటుంది."

వెంకటశేషమ్మకి మజ్జిగ గ్లాసు కళ్ల ముందు కదిలింది. కడుపు బాగలేదన్న ప్రతిసారీ తను పక్కన కూర్చుని, గడగడా తాగెయ్యి నాయనా అంటూ...

పొయ్యి వైపు చూసింది. చారు గిన్నె అక్కడ లేదు.

నడవాలో ఆకులు వేసి ఉన్నాయి. "శనివారం గదా, అన్నం తినొచ్చునా?" అంటూ పెంచలమ్మ కొంటెగా గంగాధరం ఆకులో చారు పోస్తోంది. అతను కలుపుకుని ముద్ద ఎత్తాడు.

"తినొద్దు రా!"

వెంకటశేషమ్మ పరుగున వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది. ముద్ద చాప మీద పడింది.

"చారులో ఇంగువ ఉంది. ఇంగువలో గోధుమ ఉంది," అంటూ ఆమె అక్కడే కూలబడింది. "ఇన్నాళ్లూ నీకు పెట్టింది నేనే రా. నా చేత్తోనే..."

పద్మనాభయ్య కూర్చున్న చోటు నుంచి లేచాడు. "గోధుమేంది, ఏడుపేంది? అమ్మా, నిజం చెప్పు. అబ్బాయికి జబ్బా?"

ఆ ప్రశ్నకి ఆమె ఏడాదిగా భయపడుతోంది. ఏ అబద్ధం చెప్పాలో ఎన్నో రకాలుగా సిద్ధం చేసి పెట్టుకుంది. కాని అప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. నాగపూరు చపాతీల దగ్గర్నించి, మద్రాసు గొట్టం దాకా అంతా చెప్పేసింది.

"క్షయ కాదన్నా, అంటుకునేది కాదు. గోధుమ పడదు, అంతే. చెప్తే పిల్లనివ్వరని దాచినా. ఉప్మా ముందు పెట్టుకుని బిడ్డ నోరు కట్టుకున్నది నా ఒట్టు వల్లనే."

"అమ్మా, ఊరుకో," అన్నాడు గంగాధరం. "మజ్జిగ తాగిన రోజే ఎక్కువవుతుందని నాకు అనుమానంగానే ఉండింది."

"మరి నోరు తెరవవేం రా?"

"నువ్వు అంత ఆశగా గ్లాసు పట్టుకుని కూర్చుంటే వద్దని ఎట్టా అనేది?"

పద్మనాభయ్య భార్య వైపు చూశాడు. మాలకొండమ్మ తన చేతులకంటిన పిండి వైపు చూసుకుంది.

పెంచలమ్మ వంగి గంగాధరం ముందున్న ఆకు తీసేసింది. కడిగిన కొత్త ఆకు వేసింది. అన్నం పెట్టి, చెంబుతో పెరుగు తెచ్చి పోసింది. చిటికెడు ఉప్పు వేసింది. "ఇందులో ఇంగువ లేదు. తినండి," అంది మెల్లగా. తరవాత తండ్రి వైపు తిరిగింది.

"నాయనా, ఇంగువ ముద్దకి గోధుమపిండి బదులు బియ్యప్పిండి కలపకూడదా?"

"కలపొచ్చు. ఎందుకు కలపకూడదు?"

"అట్టయితే ఒక ముద్ద వేరేగా కలుపుతా. నెలనెలా చిల్లకూరికి పంపిస్తా."

పద్మనాభయ్య కూతురు మొహం చూశాడు. ఇరవై ఏళ్లుగా త్రాసు ముల్లు చూసిన మనిషి. ఎటు మొగ్గిందో ఆయనకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

"నెలనెలా పంపించేదెందుకు? కలపడం చేతనవునుగా. ఆ చేతులతోనే చిల్లకూరికి కోడలిగా పో."

పెంచలమ్మ ఒక్క దూకులో వంటింట్లో పడింది. పెరుగన్నం ముద్ద నోట్లో ఉండగా నవ్వొచ్చి గంగాధరానికి పొలమారింది.

"ఆ ఉప్మా అట్టే ఉందా చెల్లెమ్మా? రాత్రికి నేను ఒక్కపొద్దు ఉంటా," అన్నాడు కామాక్షయ్య.

తెల్లారి వాన వెలిసింది. బస్సు ఎక్కడానికి బయల్దేరిన వెంకటశేషమ్మ గుమ్మంలో తన చెప్పు చూసి ఆగిపోయింది. తెగిన పట్టీ గోతాలు కుట్టే పురికొసతో గట్టిగా కుట్టి ఉంది. తలుపు చాటున పెద్ద కళ్లు మెరిసి మాయమయ్యాయి.

మాఘంలో పెళ్లయింది. పెళ్లి భోజనంలో గోధుమ నలుసు లేదు. బూరెలూ అరిసెలూ తిన్నవాళ్లెవరికీ అది లేదన్న సంగతే తెలియలేదు.

ఎన్ని కార్తీకాలు గడిచాయో. ముసురు పట్టిన సాయంత్రాల్లో పెంచలమ్మ ఇప్పటికీ వసారాలో కూర్చుని బియ్యప్పిండితో ఇంగువ ముద్ద కలుపుతుంది. గూడూరు నుంచి డ్యూటీ దిగి తడిసి వచ్చిన మొగుడికి తువ్వాలు అందిస్తూ, ఏ వారమైనా సరే, ఒకటే మాట అడుగుతుంది.

"అన్నం పెట్టొచ్చునా? ఈరోజు శనివారమా?"

లోపల మంచం మీద వెంకటశేషమ్మ వింటుంటుంది. బల్లి పలికినా, పిల్లి ఎదురొచ్చినా ఆమె గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. ఆ మాట వినపడ్డ సాయంత్రం మాత్రం ఆమెకి ఏ శకునమూ గుర్తు రాదు.