హారన్ కొట్టని మలుపు

వినండి తల్లీ, దగ్గరికి జరిగి కూర్చోండి నాయనా. ఘాట్ దిగే లారీవాడు ముందు అమ్మవారికి కొబ్బరికాయ కొడతాడు. తోటివాళ్లు పోయిన మలుపు వస్తే, పోయిన మనిషికి ఒకటి చొప్పున హారన్ కొడతాడు. సాలూరులో ఎంత తొందరలో ఉన్నవాడైనా ఈ రెండూ మానడు.

తిరుమలరావు ఆ సాయంత్రం రెండోది మానేశాడు. పక్క సీట్లో భార్య యమున నిద్రపోతోంది. నిండు కడుపుతో ఉన్న మనిషి, ఉలిక్కిపడుతుందని హారన్ ముట్టుకోలేదు. పైగా ఆ మలుపులో పోయింది ఆమె అన్న సోములే.

బావాబావమరుదులిద్దరూ ఒకే లారీ మీద బతికారు. హమాలీలకీ బ్రోకర్లకీ అందకుండా తమకంటూ ఒక భాష అల్లుకున్నారు. అందులో ‘దోల’ అంటే పడటం. చివర ‘గుం’ తగిలిస్తే రేపో మాపో కాదు, రెప్పపాటులో పడబోతోందని. ‘గుం’ వినబడితే ఎందుకని అడక్కూడదు, బ్రేకు తొక్కాలి. అదీ వాళ్ల కట్టుబాటు. కిందటేడు, తాడు వదులైందని లోడు మీదికెక్కిన సోములు “దోలగుం!” అని అరిచాడు. తిరుమలరావు ఫోన్లో నవ్వుతున్నాడు. తొక్కలేదు.

మంచు అద్దాన్ని కమ్మేసింది. తడి గోనెల వాసన. దాని వెనకే బీడీ వాసన... బండిలో బీడీ కాల్చేవాడు సోములొక్కడే.

లోడు మీద ఏదో కదిలింది.

“దోలగుం, బావా.”

కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. ఎదర ఇంత బండరాయి దొర్లి రోడ్డుకడ్డంగా పడింది.

“సచ్చి కూడా కాపాడినావురా సోములూ!” తిరుమలరావు చేతులు జోడించాడు.

పైన నవ్వు. తడి నవ్వు.

“నిన్నెవుడు కాపాడినాడు బావా? బండి ఆగాల. అందుకే రాయేసినాను.”

తిరుమలరావు హేండ్ బ్రేకు లాగాడు. ఇంజను ఆపాడు. తాళం పీకి పిడికిట్లో బిగించాడు.

“యమునా... లెగు. దిగీద్దుం.”

ఆమె కళ్లు తెరవలేదు. పెళ్లయిన నాటి నుంచి ‘మావా’ అని తప్ప పిలవని మనిషి... పెదాలు మాత్రం కదిలాయి.

“దోలగుం, బావా.”

ఆ భాష ఆమెకి రాదు.

ఆమె చేతులు రెండూ కడుపు మీదే ఉన్నాయి. తాళం అతని పిడికిట్లోనే ఉంది.

హారన్ మోగింది. ఒకటి... అది సోములుది.

కాసేపాగి, రెండోది. ఆ మలుపులో అప్పటికి పోయింది సోములొక్కడే.