నిరుటి టీకా

బరంపురం స్టేషను వెయిటింగ్ రూములో వైకుంఠరావు కుర్చీలో కూర్చునే ఉన్నాడు. ప్రాణం పోయి గంటయింది. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. కాళ్ళ దగ్గర తాడుతో కట్టిన ఐసుపెట్టె మాత్రం ఎవరూ ముట్టనట్టే ఉంది.

ఏజెంట్ కూర్మారావుకి నచ్చనిది అదే. మనిషిని చంపినవాడు సరుకెందుకు వదిలాడు?

ఎండుచేపల వ్యాపారి వేషంలో ఉన్న కూర్మారావు కిళ్ళీడబ్బా తెరిచి అందులోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు.

"సముద్రం ఎలా ఉంది?" చీఫ్ నీలకంఠం గొంతు.

"ఉప్పు తగ్గింది సార్. కొరియర్ పోయాడు. పెట్టె ఉంది."

"విను. అందులో చమఖండి జాలర్ల గొంతుల్లోంచి తీసిన శాంపిల్స్ ఉన్నాయి. ఈ ఏడు ఫ్లూ వైరస్ రూపు మార్చుకుందని అనుమానం. వాటిని చూసే ల్యాబు సరిహద్దు జవాన్లకి టీకా తయారుచేస్తుంది. వైరస్‌కి కుదిరిన టీకాయే నూటికి యాభై అరవై మందిని కాపాడుతుంది. కుదరకపోతే పదిమందిని కాపాడడం కష్టం. చలికాలంలో మన బెటాలియన్లు మంచాన పడాలని శత్రువు పథకం. మెయిలు రైలెప్పుడు?"

"పది నిమిషాల్లో."

"ల్యాబు నుంచి డాక్టర్ వాసవీకుమారి వస్తోంది. పెట్టె ఆమెకివ్వు. మన మనిషే."

కూర్మారావు పెట్టెతో ప్లాట్‌ఫారం మీదికొచ్చాడు. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, భుజాన ఫ్లాస్కు. వాసవీకుమారి మిట్టమధ్యాహ్నం ఎండలో వణుకుతూ స్టేషను టీ తాగుతోంది.

"జ్వరమా డాక్టర్?"

"నాకా? నిరుటి టీకా వేయించుకున్నాను. పెట్టె ఇవ్వండి మిస్టర్."

ఇచ్చేవాడే. కానీ పొద్దున ఆ పెట్టెను చమఖండి నుంచి మోసుకొచ్చిన చిట్టమ్మ, చేపల బుట్ట చంకన పెట్టుకుని, అది రైలెక్కేదాకా కదలనని అక్కడే ఉంది. శాంపిల్స్ సర్దింది ఆమే, తాడు కట్టిందీ ఆమే.

"ఆగు బాబూ! ఏటిది? ఈ తాడెవులు కట్టినారు? మాం కడితే వల ముడే కడతాం. లాగితే బిగుస్తాది. ఇది సూడు, లంగా బొందు ముడి!"

"చేపలమ్మే దానికి ల్యాబు పెట్టెతో పనేమిటి?" వాసవీకుమారి కసిరింది.

"నా కొడుకు జగ్గారావు మంచుకొండ మీద తుపాకీ అట్టుకుని కాపలా కాస్తన్నాడు. అదే నా పని, ఓ పట్టుసీరమ్మా!"

కూర్మారావు చూపు ఫ్లాస్కు మీదికి వెళ్ళింది. "భుజాన ఫ్లాస్కుండగా స్టేషను టీ ఎందుకు డాక్టర్?"

టీ గ్లాసు కింద పడింది. ఆమె చేతిలో పెన్ను ప్రత్యక్షమైంది. పెన్నుకి పాళీ లేదు, సూది ఉంది.

"వెనక్కి జరుగు. ఒక్క చుక్క చాలు. వైకుంఠరావు అరవను కూడా లేదు."

"ఎవరికమ్ముడుపోయావు?"

"నీకు జీతమిచ్చేవాళ్ళ కంటే తెలివైనవాళ్ళకి. పెట్టెలో ఉన్నది నిరుటి వైరస్. ల్యాబు మళ్ళీ నిరుటి టీకాయే చేస్తుంది. అసలువి మావాళ్ళకి చేరతాయి."

గార్డు విజిల్ వేశాడు. పెన్ను కూర్మారావు మెడకి జానెడు దూరంలోకి వచ్చింది.

అప్పుడు తుమ్మింది వాసవీకుమారి. ఒళ్ళంతా ఊగిపోయే తుమ్ము. సూది పక్కకి పోయింది. కూర్మారావు ఆమె మణికట్టు మెలిపెట్టాడు. పెన్ను జారింది. నాకు దక్కనిది నీకూ దక్కదన్నట్టు ఆమె రెండో చేత్తో ఫ్లాస్కును పట్టాల మీదికి విసిరింది.

చిట్టమ్మ బుట్ట చాచింది. ఫ్లాస్కు చేపల మధ్య మెత్తగా పడింది.

"తెప్ప మీంచి విసిరిన సేపల్నే వదల్లేదు, దీన్నొగ్గేస్తానా?"

ఫ్లాస్కులో మంచుముక్కల మధ్య ఆరు సీసాలు. వాసవీకుమారిని రైల్వే పోలీసులు ఈడ్చుకెళుతుంటే, చిట్టమ్మ సీసాలు పెట్టెలోకి మార్చి వల ముడి బిగించింది. రైలు కదిలింది. కూర్మారావు పెట్టెతో ఆఖరి బోగీలోకి దూకాడు.

ఛత్రపురం దాటాక కిళ్ళీడబ్బా గరగరలాడింది.

"సముద్రం ఎలా ఉంది?"

"ఉప్పు సరిపోయింది సార్. మన డాక్టర్‌కి నూట మూడు జ్వరమని ఛత్రపురం స్టేషనులో పోలీసుల కబురందింది. మొన్న నాలాగే జ్వరాల జాలర్ల మధ్య తిరిగినప్పుడు, టీకా ఉంది కదా అని ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోలేదట."

"నీకెలా ఉంది?"

కూర్మారావు జవాబు చెప్పబోయి, వరసగా మూడుసార్లు తుమ్మాడు.

"నాదీ నిరుటి టీకాయే సార్."