ఎడమ తెర

ఆ ఆదివారం పొద్దున కొత్తకోటలో ఖాసిం ఇంట్లో చాయ్ గ్లాసు పెట్టడానికి కూడా బల్ల మీద జాగా లేదు. లారీ నడిపే ఆట కోసం కొడుకు యాసర్ దాని మీద మూడు కంప్యూటర్ తెరలు వరుసగా, వాటి ముందు ఒక బొమ్మ స్టీరింగ్ పెట్టాడు. వనపర్తిలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తూ పాత తెరలు ఒక్కొక్కటే తెచ్చుకున్నాడు. మధ్యది ఎదురుగా ఉంది. పక్క రెండూ లారీ కిటికీల్లా లోపలికి తిరిగి ఉన్నాయి. పొట్టి తెర కింద రెండు ఇటుకలు పెట్టి, మూడింటినీ కలిపే చిన్న డబ్బా వెనక వైర్లు సర్దుతున్నాడు.

ఖాసిం ఇరవై ఎనిమిదేళ్లుగా లారీ డ్రైవర్. మధ్యాహ్నం పల్లీల లోడుతో బెంగళూరు పోవాలి. ఎప్పుడూ వెంట ఉండే క్లీనర్ కురుమయ్య బిడ్డ పెళ్లికి ఊరికి పోయాడు.

"ఒక్కనివే పోతవా? ఇంకో క్లీనర్‌ను తోలుకపోరాదా?" అంది కుబ్రా బేగం.

"తొవ్వ నాకు తెల్వదా?" అంటూ ఖాసిం బల్ల వైపు చూశాడు. "ఆటకు మూడు టీవీలా? ఒకటి చాలదా?"

"ఒక్కదాంట్ల ఎదురుగున్నదే కనిపిస్తది అబ్బా. పక్కల నుంచి ఏమొస్తుందో తెల్వదు."

"స్టీరింగ్ పట్టరా అని రెండేండ్లు మొత్తుకున్న. పట్టలే. ఇప్పుడు ఇంట్ల కూసోని లారీ తోలుతవా? డీజిల్ లేదు, పంచర్ లేదు. మంచి నౌకరే."

"నీ నౌకరి వద్దన్న. నువ్వు వద్దన్ననా?"

"పోయి నీ డబ్బాలకు చెప్పుకో."

"పొద్దుపొద్దున ఏంది మీ లొల్లి?" అంది కుబ్రా. "జర కూసో. నువ్వే నడిపి చూపియి వానికి."

ఖాసిం కూర్చుని బొమ్మ స్టీరింగ్ పట్టుకున్నాడు. తెర మీది లారీ నిమ్మళంగా కదిలింది. ఆ చేతుల ఒడుపు చూస్తూ యాసర్ కోపం మరిచిపోయాడు. అంతలో ఎడమ మలుపులో లారీ ఒక సైకిల్‌ను గుద్దింది. తర్వాత ఒక బండిని. తర్వాత రోడ్డు అంచున నడుస్తున్న మనిషిని.

"ఎడమ దిక్కుది నడుస్తలేదు," అని నవ్వాడు ఖాసిం. "ఊరందరివి బాగుచేస్తవు, నీది చేసుకోవు."

యాసర్ నవ్వలేదు. ఆ తెర వెలుగుతూనే ఉంది. కుబ్రా కూడా చూసింది.

"అబ్బా, మెడ తిప్పి చూడు."

తిప్పాడు. చెట్లు, మనుషులు, ఎండ. అన్నీ ఉన్నాయి.

యాసర్ తండ్రి కుడి కన్నును అరచేత్తో మూశాడు. "ఇప్పుడు?"

ఖాసిం ఎడమ కన్ను చిట్లించాడు. "పొగ," అన్నాడు.

లారీలో ఎడమ పక్క క్లీనర్‌ది. ఆ పక్క ఏదైనా దగ్గరికొస్తే వాడు తలుపు మీద కొడతాడు, డ్రైవర్ ఆగాలి. ఈ ఏడాది కురుమయ్య మాటిమాటికీ కొడుతున్నాడు. ముసలితనం భయమనుకున్నాడు ఖాసిం.

"బీచుపల్లి బ్రిడ్జి కాడ తిట్టిన వాన్ని," అన్నాడు. "చెవులు పోతున్నయి, కొట్టకు అన్న."

కుబ్రా వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ పక్క ఎంతమంది ఉరికి తప్పుకున్నరో కుబ్రా. నన్ను తిట్టుకుంట పోయుంటరు." అతని కళ్లు రెండూ ఒక్కలాగే నిండాయి.

"రేపు కండ్ల దవాఖానకు పోదం," అన్నాడు యాసర్. "నేను సెలవు పెడత."

"ఇగ నాకు బండి ఇయ్యరు."

"ఇయ్యకపోనీ అబ్బా."

లారీ యజమాని సేటుకు తాను ఫోన్ చేస్తానన్నాడు యాసర్. ఖాసిం వద్దని తానే నంబరు నొక్కాడు.

"సలాం సేట్. ఈయాల నేను రాను." అవతలి మాట విని తల అడ్డంగా ఊపాడు. "బండి మంచిగనే ఉన్నది సేట్. నేనే మంచిగ లేను."