చివరి గది గోడ

కాస్త దగ్గరగా జరగండమ్మా, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

ఆ జైలు మూడో అంతస్తులో చివరిది ఒంటరి గది. అందులో ఉన్నాయన బడిపంతులు. సర్కారుని తప్పుపడుతూ కరపత్రం రాశాడని లోపలేశారు. కాపలా వార్డరు ఇద్దరు ఆడపిల్లల తండ్రి, దేవుడంటే భయమున్నవాడు. ఆయన్ని "మాస్టారూ" అనేవాడు. ఆయన ఇతన్ని "తమ్ముడూ" అనేవాడు. పిలుపులు తీపే గానీ, నమ్మకం చీమ తలకాయంత లేదు. "వాడు తప్పించుకుంటే ఆ గదిలోకి నువ్వే" అని జైలరు ముందే చెప్పాడు మరి!

రోజూ పొద్దుగూకే వేళ వార్డరు ఇనుప కడ్డీతో కిటికీ ఊచల్ని ఒక్కొక్కటే కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది. బొంగురుగా మోగితే ఎవరో కోసినట్టు. ఆ తర్వాత గోడలు.

ఆ సాయంత్రం వాన అప్పుడే వెలిసింది. గదంతా తడి సున్నం వాసన. ఊచలన్నీ ఖంగుమన్నాయి. తూర్పు గోడకి మాస్టారు అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ గోడ వదిలెయ్, తమ్ముడూ."

"ఏం మాస్టారూ, అత్తారింట్లోంచి అప్పుడే ప్రయాణమా?"

"వేళాకోళం కాదయ్యా. నువ్వు కొట్టి వెళ్ళాక... అవతల్నించి ఏదో తిరిగి కొడుతోంది. రోజూ ఇంకాస్త దగ్గరగా."

కన్నం ఇక్కడే తవ్వాడన్నమాట! వార్డరు ఆయన్ని పక్కకి నెట్టి, మూడు దెబ్బలు వేశాడు. గోడ బండరాయిలా ఉంది. కన్నం లేదు, బీట కూడా లేదు.

అప్పుడు...

ఠక్... ఠక్... ఠక్.

అవతల గది లేదు. మెట్లు లేవు. మూడంతస్తుల ఎత్తున ఉత్త గాలి.

గోడలకి చెవులుంటాయని అందరం విన్నాం. చేతులుంటాయని ఎవరు చెప్పారు?

నాలుగో దెబ్బ పడింది. అవతల కాదు... ఇవతల. అతని భుజం పక్కన.

"పిలిచేశావు..." అన్నాడు మాస్టారు గుసగుసగా.

వార్డరు దేవుణ్ణి తలుచుకుంటూ ఒక్క ఉదుటున బయటపడి తాళం వేశాడు.

"నన్నూ తీసుకెళ్ళు, తమ్ముడూ!"

చెయ్యి తాళంచెవి దాకా వెళ్ళి ఆగింది. ఇదంతా తలుపు తీయించే నాటకమైతే? పిల్లలు గుర్తొచ్చారు. తాళాన్ని ఇంకోసారి లాగి చూసుకున్నాడు.

డ్యూటీ మారే వేళయింది. రెండో వార్డరు వచ్చి, తలుపు కన్నంలోంచి తొంగి చూసి, రిజిస్టరు చాపాడు.

"ఇద్దరూ ఉన్నారు. రాసి సంతకం పెట్టు."

"ఇద్దరేంట్రా? ఒంటరి గది!"

"నన్నడుగుతావేం బావా? మాస్టారు మూలన కూర్చున్నాడు. రెండో ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు."

ఖైదీ తగ్గితే ఏం చెయ్యాలో నిబంధనల్లో ఉంది. పెరిగితే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. వార్డరు "ఒకరు" అని రాసి, సంతకం గీకాడు.

రెండో వార్డరు మళ్ళీ కన్నానికి కన్ను ఆనించాడు.

"అరె... ఒక్కడే, బావా."

"చెప్పానా! మాస్టారేగా?"

"కాదు... ఆ నిలబడ్డాయన. ఇటు తిరుగుతున్నాడు..."