పద్నాలుగుసార్లు కలిసిన అపరిచితురాలు

కాల్మర్ జలసంధిలో హెన్నింగ్ ఓబెరి శవం తేలిన ఉదయం కూడా ఆటలో అతని ర్యాంకు గోల్డే.

కాలుజారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. గూఢచారి సంస్థ సెవెన్త్ బ్యూరో మాత్రం అలా రాసుకోలేదు. హెన్నింగ్ నౌకాదళంలో ఇంజనీరు. బాల్టిక్ సముద్రం అడుగున దొంగతనంగా తిరిగే పరాయి సబ్‌మెరైన్లను వాటి చప్పుడుతోనే పట్టేసే ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని రాసిన ఇద్దరిలో అతనొకడు.

రెండోవాడి పేరు ఎలోఫ్ సండ్‌క్విస్ట్. అతను ఇంకా బతికే ఉన్నాడు. శనివారం దాటి బతుకుతాడని గ్యారంటీ లేదు.

మంగళవారం పొద్దున్న పది గంటలు. స్టాక్‌హోమ్‌లో సైకిళ్ల షాపు పైన ఉన్న చిన్న ఆఫీసులో బ్యూరో చీఫ్ టూర్వాల్డ్ రెండు కప్పుల్లో కాఫీ పోసి, దాల్చినచెక్క బన్నుల ప్లేటు ముందుకు తోశాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ బన్ను ముట్టుకోలేదు. ఫైలు మూసి టేబుల్ మీద విసిరేసింది.

డీసా హెల్‌గ్రెన్. వయసు ఇరవై తొమ్మిది. బ్యూరోలో చేరకముందు ఐదేళ్లపాటు యార్న్‌వింటర్ ఆడటమే ఆమె ఉద్యోగం. ఐదుగురు ఐదుగురితో తలపడే తుపాకుల కంప్యూటర్ ఆట అది. దేశంలో నాలుగో ర్యాంకు దాకా వెళ్లింది.

"పేజీ తొమ్మిది చూడు," అంది డీసా. "హెన్నింగ్ ఆటలో ఉగ్లా అనే ఒకావిణ్ని నెలలో పద్నాలుగుసార్లు కలిశాడు. నీ అనలిస్టు పక్కనే ఏం రాశాడో చూశావా? యాదృచ్ఛికం అట."

"కాదా?"

"నాలుగు లక్షలమంది ఆడే ఆట, టూర్వాల్డ్. పద్నాలుగుసార్లు."

"నాకు అరవై ఒకటి. మెల్లగా చెప్పు."

"ప్రతి ఆటగాడికీ లోపల ఒక నంబరుంటుంది. పైకి కనిపించే సిల్వర్, గోల్డ్ అన్నీ బొమ్మలు. అసలు నంబరు మెషీన్‌కే తెలుసు. గెలిస్తే పెరుగుద్ది, ఓడితే తగ్గుద్ది. నీకన్నా గట్టోణ్ని కొడితే ఎక్కువ పెరుగుద్ది. నువ్వు ప్లే నొక్కి క్యూలో నిలబడ్డావనుకో. అదే టైములో క్యూలో ఉన్నవాళ్లలోంచి దాదాపు అదే నంబరున్న పదిమందిని ఏరి మెషీన్ మ్యాచ్ కడుతుంది. ఎవరితో ఆడాలో నీ చేతిలో ఉండదు. అందుకే జనం దాన్ని నమ్ముతారు."

"మరి కావాలని ఒకణ్ని కలవాలంటే?"

"వాడి టైము తెలియాలి. వాడి నంబరు నీకూ ఉండాలి. టైము కనిపెట్టడం పిల్లలాట. నంబరు కోసం ఆవిడ వరసగా ఓడుకుంటూ కిందికి దిగింది. హెన్నింగ్ పక్కన నిలబడేదాకా దిగింది. వాడేమో రాసిపెట్టి ఉంది కాబట్టే కలిశామనుకున్నాడు." డీసా గొంతు గట్టిపడింది. "నీ అనలిస్టు ఒక్కపూట ఈ ఆట ఆడుంటే హెన్నింగ్ బతికేవాడు."

టూర్వాల్డ్ ఫైలు తనవైపు లాక్కున్నాడు. "ఇప్పుడు ఎలోఫ్‌కీ ఒకావిడ తగిలింది. ఆటలో పేరు స్కాటా. పదకొండుసార్లు అలాగే కలిశారు. ఇప్పుడు రోజూ జట్టుగా ఆడుతున్నారు, ఎలోఫ్ గోల్డ్‌కి కూడా ఎక్కాడు. శనివారం యోన్‌షోపింగ్ లాన్ పార్టీలో, అదే, అందరూ కంప్యూటర్లు తెచ్చుకుని ఒకే హాల్లో ఆడే జాతరలో, మొదటిసారి ముఖాముఖి చూసుకుంటారట."

"వాణ్ని గదిలో పెట్టి తాళమెయ్యి."

"చెప్పి చూశాం. మెషీనే మమ్మల్ని కలిపింది, మీకెందుకు అన్నాడు. బలవంతంగా ఆపితే ఆవిడ వెనకున్న ముఠా మాయమైపోతుంది. ఆర్నెల్ల తర్వాత మళ్లీ ఇంకో శవం తేలుతుంది. అసలు స్కాటా ఎవరో తెలియాలి, డీసా."

ముఠా లోపల బ్యూరోకి ఒక మనిషి ఉంది. కోడ్ పేరు నెమలి. అసలు పేరు కొరీనా వాస్. యార్న్‌వింటర్ మ్యాచ్‌లకు కామెంటరీ చెప్పే స్టారు. వెండి రంగు జాకెట్ వేసుకుని వేదిక ఎక్కితే హాలు మొత్తం ఈల వేస్తుంది. తను ముఠా మనిషినని వాళ్లను నమ్మించి, బ్యూరోకి కబుర్లు చేరవేస్తోంది.

టూర్వాల్డ్ సొరుగులోంచి ఒక మౌస్ తీశాడు. "నువ్వు స్కాటాతో ఒకే మ్యాచ్‌లో దూరాలి. మ్యాచ్ నడిచినంతసేపూ ఆవిడ కంప్యూటర్ హాల్లో ఏ టేబుల్ దగ్గరుందో దీని అడుగున పడుతుంది. ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నెమలికి కూడా. ప్రమాదమైతే కోడ్ మాట, బన్నులైపోయాయి."

"ఇంకో మాట దొరకలేదా?"

"పాతికేళ్లుగా ఇదే."

డీసా దగ్గర నాలుగు రోజులే ఉన్నాయి. ఆమె అసలు నంబరు ఎలోఫ్‌కి అందనంత ఎత్తులో ఉంది. 'ఎనిమిదో నంబరు' అనే పేరుతో కొత్త ఖాతా తెరిచింది. కొత్తవాళ్ల గురించి మెషీన్‌కి ఏమీ తెలియదు కాబట్టి నంబరు విపరీతంగా ఊగుతుంది. దాన్ని కిందికి దింపి ఎలోఫ్ పక్కన కూర్చోబెట్టాలంటే ఓడాలి. ఓడుతూనే ఉండాలి.

ఓడింది. గోడకేసి కాల్చింది. మలుపు దగ్గర శత్రువుకు వీపు చూపించి నిలబడింది. ప్రతి ఓటమిలోనూ ఆమెతోపాటు మరో నలుగురు ఓడారు. వాళ్లకు ఏ మిషనూ లేదు. పని నుంచి ఇంటికొచ్చి, అన్నం తిని, నిజంగా గెలుద్దామని కూర్చున్న మనుషులు.

"ఒసేయ్ ఎనిమిదో నంబరూ, తుపాకీ ఏ వైపు పట్టుకోవాలో తెలుసా?" అన్నాడొకడు హెడ్‌సెట్‌లో.

"వదిలెయ్‌రా, కాళ్లతో ఆడుతున్నట్టుంది."

ఇరవై ఆరో ఓటమి తర్వాత ఒకావిడ మాత్రం తిట్టలేదు. ఉమియోలో బస్సు నడుపుతుందట. "ఇంకొక్కటి గెలిస్తే నాకు గోల్డ్ వచ్చేది," అంది నెమ్మదిగా. "నాలుగు నెలలు పట్టింది ఇక్కడిదాకా రావడానికి. నువ్వు కావాలనే చేశావు కదా? ఎందుకమ్మా?"

 డీసా హెడ్‌సెట్ తీసి గోడకేసి కొట్టింది. తర్వాత టూర్వాల్డ్‌కి ఫోన్ చేసింది.

"నంబరు కుదిరింది. ఒక్క మాట విను. ఆ స్కాటా ఎవరైనా సరే, నాకు ప్రాణాలతో కావాలి."

"ఎందుకు?"

"తిట్టడానికి."

శనివారం మధ్యాహ్నం రెండు గంటలు. యోన్‌షోపింగ్ హాలు బయట జూన్ ఎండ. లోపల కిటికీలన్నీ మూసి, వెయ్యి టేబుళ్ల మీద తెరల వెలుగు. ఎవరి కంప్యూటర్ వాళ్లే ఇంటినుంచి మోసుకొచ్చారు. కుర్చీల కింద పరుపులు, కేబుళ్లు, చిప్స్ సంచులు. ఎలోఫ్ టేబుల్ సరిగ్గా మూడో గేటు పక్కన. డీసాకి ఇచ్చిన సీటు హాలుకి రెండో కొసన.

వెండి జాకెట్ మెరుస్తూ వచ్చింది. కొరీనా డీసా టేబుల్ అంచున కూర్చుని, చుట్టూ ఉన్న కుర్రకారు వైపు చెయ్యి ఊపి, పెదాలు కదిలీ కదలకుండా అంది.

"స్కాటా దొరికింది. టేబుల్ 212. ఆకుపచ్చ టోపీ. నీ మనుషుల్ని అటు పంపు."

"ఎలోఫ్ పక్కన సీటు అడిగాను కదా."

"పక్కనే కూర్చుంటే అనుమానం రాదూ? సరే గానీ, ఇంతకీ ఎన్ని మ్యాచ్‌లు ఓడిపోయావు?"

"ఇరవై ఆరు."

"అయ్యో పాపం. పోనీలే, నంబర్లేగా." నవ్వింది. "నీ టీమ్‌లోకి నన్ను వద్దన్నప్పుడు నువ్వూ ఇలాగే అన్నావు. గుర్తుందా?"

డీసాకి గుర్తుంది. ఏడేళ్ల కిందట సెలెక్షన్లలో కొరీనా నంబరు చాలలేదు. ఆ తర్వాతే మైకు పట్టింది.

మూడింటికి ఫైనల్స్‌కి విరామం ఇచ్చారు. ఆటగాళ్లు వేదిక దిగారు. టూర్వాల్డ్ ఇద్దరు గార్డులతో ఆకుపచ్చ టోపీ దగ్గరికి, అంటే ఒకటో గేటు వైపుకి వెళ్లాడు. ఎలోఫ్, స్కాటా క్యూలోకి వెళ్లిన సెకనులోనే డీసా ప్లే నొక్కింది. హాలు సర్వర్‌లో ఆ స్థాయివాళ్లు పాతికమందికి మించి లేరు. మెషీన్ పదిమందిని ఏరింది. ఎలోఫ్, స్కాటా ఒక జట్టు. డీసా ఎదుటి జట్టు.

పదమూడు రౌండ్లు ముందు గెలిచినవాళ్లదే మ్యాచ్, తేడా మాత్రం రెండుండాలి. డీసా ఎప్పటిలాగే చేతకానిదానిలా ఆడుతూ మౌస్ తిప్పి అడుగు చూసింది.

టేబుల్ 212 కాదు. టేబుల్ 1.

టేబుల్ 1 అంటే వేదిక మీద కామెంటరీ డెస్క్.

ఒళ్లంతా మండింది. సీటు ఇక్కడ వేసింది ఎవరు? గార్డులను అటు పంపించింది ఎవరు? హెన్నింగ్ ఆట ఎప్పుడు ఆడతాడో, ఎప్పుడు ఒంటరిగా ఉంటాడో బ్యూరో మనిషిగా తెలుసుకుని ముఠాకి అందించింది ఎవరు? ఉగ్లా, స్కాటా, అన్నిటికీ ఒకటే వెండి జాకెట్.

స్కోరు 12–11, ఎలోఫ్ జట్టుది పైచెయ్యి. సరిగ్గా అప్పుడే తెర మీద అందరికీ కనిపించేలా ఎలోఫ్ సంబరంగా టైప్ చేశాడు. "ఇదే నా ఆఖరి మ్యాచ్, మిత్రులారా. మూడో గేటు బయట నీలం వ్యాన్ దగ్గర ఒకరు నాకోసం వస్తున్నారు."

డీసా ఫోన్‌లో గొణిగింది. "బన్నులైపోయాయి. స్కాటా అంటే కొరీనా. మూడో గేటు, నీలం వ్యాన్."

"మేం ఒకటో గేటు దగ్గరున్నాం. ఈ జనంలోంచి రావాలంటే ఎనిమిది నిమిషాలు," అన్నాడు టూర్వాల్డ్ రొప్పుతూ.

ఇంకొక్క రౌండు పోతే ఎలోఫ్ లేస్తాడు. గేటు అతనికి పది అడుగులు, డీసాకి హాలంత దూరం. చాట్‌లో హెచ్చరిస్తే కొరీనా కూడా చదువుతుంది. మిగిలిన దారి ఒక్కటే. మ్యాచ్ అయిపోకూడదు.

నాలుగు రోజుల తర్వాత మొదటిసారి డీసా ఆడింది.

మొదటి ఇద్దరు ఆమెను చూడకముందే పడిపోయారు. మూడోవాడు గోడ చాటునుంచి తొంగిచూశాడు, అంతే. ఎలోఫ్ పడ్డాడు. చివరికి స్కాటా మిగిలింది. డీసా తుపాకీ పక్కన పెట్టి కత్తితో వెనకనుంచి వెళ్లి పొడిచింది. 12–12.

"మన ఎనిమిదో నంబరుకి దయ్యం పట్టిందిరోయ్," అన్నాడు జట్టులో ఒకడు.

డీసా టైప్ చేసింది. "స్కాటా, కీబోర్డ్ ప్లగ్ పెట్టుకున్నావా?"

తర్వాతి రౌండు. మళ్లీ కత్తే. 13–12.

"నేర్పమంటే నేర్పుతాను. ఆదివారాలు ఖాళీయే."

స్కాటా ఇప్పుడు గోల్డ్ మనిషిలా ఆడటం మానేసింది. దాచుకున్న నైపుణ్యమంతా బయటికి తీసింది. ఎదురుగా ఉన్నది డీసానే అని ఆమెకు అర్థమైపోయింది. గార్డులు ఆకుపచ్చ టోపీ దగ్గరే ఉన్నారనుకుంటూ, ఏడేళ్ల పాత కక్షతో మీదికొచ్చింది. ఆమె చాలా బాగా ఆడుతుంది. అది చూస్తే డీసాకి ఇంకా ఒళ్లు మండింది. ఇంత ఆట చేతిలో పెట్టుకుని మనుషుల్ని చంపడానికి వాడింది.

ఆఖరి రౌండు. ఒకరికొకరే మిగిలారు. డీసా మూడోసారి కత్తి తీసింది. 14–12. మ్యాచ్ ముగిసింది.

ఐదు నిమిషాలే గడిచాయి. ఇంకా మూడు కావాలి.

స్కాటా ఖాతాలో రెండు నెలలుగా ఎన్ని ఓటములున్నాయో అన్నీ ఆమె కావాలని ఓడినవే. ఓడిన ప్రతిసారీ చక్కగా లాగాఫ్ చేసి లేచిపోయేది, పని పూర్తయింది కాబట్టి. నిజంగా ఓడినవాళ్లు అలా లేవలేరు. అందరిలాగే, చెవులు ఎర్రబడి, పళ్లు బిగబట్టి, ఇంకొక్కటి అనుకుంటారు.

డీసా తెర మీద స్కాటా పేరునే చూస్తోంది.

స్కాటా మళ్లీ ప్లే నొక్కింది. జట్టుకి నాయకురాలు ఆమే కాబట్టి, లేవబోయిన ఎలోఫ్ కూడా ఆమెతోపాటు క్యూలో పడ్డాడు. "ఇదేంటి, వెళ్దామన్నావుగా?" అని టైప్ చేసి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

ఒక నిమిషం. ఒకటిన్నర. మెషీన్ పదిమంది కోసం వెతుకుతూనే ఉంది. రెండు నిమిషాలకు మ్యాచ్ దొరికింది, కౌంట్‌డౌన్ మొదలైంది. వేదిక మీద వెండి జాకెట్ ఒక్కసారి ఉలిక్కిపడి హెడ్‌సెట్ తీసేయడం ఇంత దూరానికీ కనిపించింది. కొరీనాకి వచ్చిన పని గుర్తొచ్చింది. ఏదో టైప్ చేసింది. ఎలోఫ్ లేచాడు. జుట్టు సర్దుకున్నాడు. మూడో గేటు పిడి మీద చెయ్యి వేశాడు.

తలుపు బయటినుంచే తెరుచుకుంది.

గడపలో టూర్వాల్డ్ నిలబడి ఉన్నాడు, చెమటలు కక్కుతూ. వెనక నీలం వ్యాన్ బానెట్ మీదికి ఒకణ్ని గార్డు నొక్కిపట్టాడు. వాడి చేతిలోంచి ఊడిపడ్డ సిరంజి రోడ్డు మీద దొర్లుతోంది.

"బయట ఎండగా ఉంది, బాబూ," అన్నాడు టూర్వాల్డ్. "లోపలే కూర్చో."

వేదిక మెట్ల మీద రెండో గార్డు కొరీనా చేతులకు బేడీలు వేస్తుండగా డీసా చేరుకుంది. నాలుగు రోజులుగా పోగేసుకున్న తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఆ ఆఖరి రౌండులో నా పింగ్ ఎక్కువుంది, నెట్ లేటుగా అందింది," అంది కొరీనా పళ్లు బిగించి. "లేకపోతే నిన్ను కొట్టేదాన్ని."

"హెన్నింగ్ కూడా నంబరేనా నీకు?"

"నా పింగ్ ఎక్కువుందంటున్నాను."

డీసా వెనక్కి తిరిగింది. ఇంకో క్షణం అక్కడ నిలబడితే చెయ్యి చేసుకునేది.

ఎలోఫ్ తన టేబుల్ దగ్గరే మొహం వాడిపోయి కూర్చున్నాడు. డీసా ఎదురుగా కుర్చీ లాక్కుని అంతా చెప్పింది. పదకొండుసార్లు కలవడం ఎలా సాధ్యమైందో, హెన్నింగ్ ఎలా చనిపోయాడో, వ్యాన్‌లో సిరంజి ఎవరికోసమో. దాచకుండా, మెత్తబరచకుండా చెప్పింది.



"అంటే ఆవిడ నిజంగా బాగా ఆడుతుందన్నమాట," అన్నాడు ఎలోఫ్.

"నీకన్నా చాలా పైన."

"ఇన్నాళ్లూ నన్ను భుజాన మోసి గెలిపించిందా మరి?"

"రెండు నెలలూ."

"నన్ను చంపాలనుకుంది. సరే, అర్థమైంది." ఎలోఫ్ ముందుకి వంగాడు. "నిజం చెప్పు. నా గోల్డ్ ర్యాంకు నాదేనా?"

డీసాకి అబద్ధాలు చెప్పి చెప్పి విసుగొచ్చింది.

"సిల్వర్," అంది. "అది కూడా కింది వరస."

ఆ రోజు మొత్తంలో ఎలోఫ్‌కి నిజంగా కోపం వచ్చింది అప్పుడే.